పదకొండు మందికి ఒక్క చెయ్యి

వరహాలమ్మ పిన్ని సంగతి చెప్పాలంటే ముందు నా మీద నాకే ఒళ్ళు మండుతాది. అయినా చెప్తాను. కంపెనీ పుస్తకంలో ఎలాగూ రాయలేదు, ఎవరో ఒకరు చెప్పాలి గదా.

నా పేరు రోజారమణి. మాది చీపురుపల్లి అవతల పల్లె. డిగ్రీ అయ్యాక విశాఖ వొచ్చీసి, జాలరిపేటలో ఆవిడ ఇంటి వెనక గదిలో అద్దెకి దిగినాను. చుట్టరికం ఏటీ లేదు, పిన్ని అని నానే కలుపుకున్నాను. ఓడల్లో వచ్చిన బొగ్గు దింపి, గుట్టలు పోసి, లారీలకెత్తే ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేస్తన్నాను. కంపెనీ పేరెందుకు లెండి, తినే కూడు అక్కడిదే.

పిన్నికి యాభై ఎనిమిదేళ్ళు. పన్నెండో ఏట చేపల గంప నెత్తికెత్తింది, మొన్నటి ఎండల దాకా దించలేదు. మొగుడు తవిటయ్య బాబాయికి మోకాళ్ళు అరిగిపోయి అరుగు మీదే కూర్చుని వలలు బాగుచేస్తాడు. ఇల్లు నడిచేది పిన్ని ఎండబెట్టే నెత్తళ్ళనే సన్న చేపల మీదే. తెల్లారకముందే హార్బర్‌కి పోయి వేలంపాటలో చేపలు కొనేది, కడిగి, మా కంపెనీ యార్డు గోడ పక్కన ఖాళీ జాగాలో వలలు పరిచి ఎండేసేది. రెండు ఎండలు గట్టిగా తగిలితే తెల్లగా మెరిసి గలగలమంటాయి. పాడేరు సంతలకి సరుకు పట్టుకెళ్ళే కృష్ణంరాజుగారు పిన్ని మూట విప్పి కూడా చూసేవారు కారు. అంత నమ్మకం.

నాలుగేళ్ళ కిందట మా కంపెనీవాళ్ళు ఆ గోడ అవతల కొత్తగా బొగ్గు గుట్టలు పోసినారు. గాలి ఇటు తిరిగితే చాలు, నెత్తళ్ళ మీద నల్లటి పొడి. దులిపితే పోదు, కడిగితే మెత్తబడి పురుగు పడతాది. కృష్ణంరాజుగారు మూట విప్పి చూడడం మొదలెట్టినారు. తరవాత ముక్కు చిట్లించినారు. పోయినేడు వేసవిలో తేల్చి చెప్పీసినారు, వచ్చే ఎండలకి సరుకు తెల్లగా లేకపోతే పూడిమడక రేవులో కొనుక్కుంటానని. గోడ ఎత్తు చేసి, పైన గుడ్డ కట్టి, గుట్టల మీద నీళ్ళు కొడితే సరిపోతాది. అది అడగడానికి పిన్ని రెండుసార్లు కంపెనీ గేటు దగ్గరకి అర్జీ పట్టుకుని పోయింది. కాగితం తీసుకున్నారు, అంతే.

సరిగ్గా అప్పుడే కంపెనీ పుస్తకం పని మొదలైంది. ఏటేటా ఒక పుస్తకం వేస్తారు, మా వల్ల చుట్టుపక్కల గాలికీ నీటికీ మనుషులకీ ఏటవుతోంది, దానికి మేము ఏటి చేస్తన్నాము అని. అన్నీ రాయరు, ముఖ్యమైనవి ఏరుకుంటారు. జనానికి ఎంత ముఖ్యం, కంపెనీకి ఎంత ముఖ్యం అని మార్కులేసి, గీత దాటినవే పుస్తకంలో పెడతారు. పుస్తకంలోకెక్కితే దానికో ఆఫీసరు, ఏడాదిలో ఇంత పని చెయ్యాలని ఒక మాట. ఎక్కకపోతే మళ్ళీ ఏరే దాకా, మూడేళ్ళు, దాని మొహం చూసేవాడుండడు. ఆ ఏరే పనికి హైదరాబాద్ నుంచి గుణశేఖర్ అనే ఆయన్ని పిలిపించినారు. జనాన్ని కూర్చోబెట్టి అడుగుతారని విని నాను ఎగిరి గంతేసినాను. పిన్నితో చెప్పినాను, తనతో కలిసి చేపలు కొనే ఆడవాళ్ళ జట్టుని మొత్తం తీసుకురమ్మని.

మీటింగు కల్యాణమండపంలో, అక్కడి లెక్కలు కంప్యూటర్లో కొట్టే పని నాది. గోడకి పెద్ద చార్టు, అందులో ఇరవై నాలుగు విషయాలు. మొక్కలు నాటడం ఉంది, ఆడవాళ్ళకి కుట్టు ట్రైనింగు ఉంది, ఆఫీసులో కాగితం పొదుపు కూడా ఉంది. బొగ్గు దుమ్ము పదిహేడోది. ఆ వరస కంపెనీ ముంబై ఆఫీసులో ఎప్పుడో రాసీసినారు. మనిషికి ఐదు ఎర్ర బిళ్ళలు ఇస్తారు, ఎవరికి ఏది ముఖ్యమో దాని మీద అంటించాలి. పిన్ని పది మందిని వెంటేసుకుని ఉతికిన చీరల్లో వొచ్చింది. అందరూ సంతకాలూ వేలిముద్రలూ వేసి బిళ్ళలు తీసుకున్నారు.

వీళ్ళ జట్టు పద్ధతి ఒకటుంది. హార్బర్ పాటలో పదకొండు మందికీ కలిపి ఒక్కరే చెయ్యెత్తుతారు. ఇరవై ఏళ్ళుగా ఆ చెయ్యి పిన్నిదే. మిగతా పది మందీ ఆ చేపలు మాకక్కర్లేదన్నట్టు మొహాలు తిప్పుకుని ఉంటారు. జట్టులో ఇంకోళ్ళు నోరు తెరిస్తే పాట పెరిగిపోతాది. కొన్నాక ఇసక మీద పోసి పంచుకుంటారు. ఒకళ్ళు అడిగినారంటే అందరూ అడిగినట్టే. ఈ పద్ధతి నాను కళ్ళారా ఎన్నిసార్లు చూసినానో లెక్కలేదు.

ఆ రోజూ అదే చేసినారు. పిన్ని లేచి, నడుం వంచి, ఐదు బిళ్ళలూ దుమ్ము మీద వరసగా అంటించి వొచ్చి కూర్చుంది. మిగతా పది మందీ కిటికీలోంచి చూస్తా ఉండిపోయినారు. కాసులమ్మ తన బిళ్ళలు కొంగున ముడేసుకుంది, మనవరాలికి బొట్టుబిళ్ళల్లా బాగుంటాయని. గుణశేఖర్ గారు చెడ్డవాడు కాదు, అదే నా ఏడుపు. ఆయన మర్యాదగానే అడిగినారు, మిగతావాళ్ళకి ఏదీ ముఖ్యం కాదా అని. మా వరహాలప్ప ఏసీసింది గదండీ అంది జట్టులోని చిట్టమ్మ. ఆయనకి అర్థం కాలేదు. నా వైపు తిరిగినారు.

"రోజారమణి గారూ, వీళ్ళది అయిపోయినట్టేనా?"

అప్పుడు ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. ఇది పదకొండు మంది మాటండీ, యాభై ఐదుగా రాయండి అని. కానీ వెనక మా మేనేజరు గురునాథరావు గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. దుమ్ము పుస్తకంలోకెక్కడం ఆయనకి ఇష్టం లేదని ఆఫీసులో అందరికీ తెలుసు. నా కాంట్రాక్టు కాగితం పై వారం ఆయన టేబుల్ మీదకే వస్తాది. నా నోరు పడిపోనూ, అయిపోయినట్టే సార్ అనీసినాను. దుమ్ముకి ఐదు, అభిప్రాయం చెప్పనివారు పది మంది అని కంప్యూటర్లో కొట్టింది కూడా ఈ చేతులే. ఆఫీసు స్టాఫ్ మూడొందల మంది ఫోన్లలో నొక్కినవి కలిపితే కుట్టు ట్రైనింగు పైకెళ్ళిపోయింది, దుమ్ము గీత కింద పడింది.

పుస్తకం వొచ్చింది. నున్నటి కాగితం. నలభయ్యో పేజీలో పదకొండు మంది ఫొటో, మత్స్యకార మహిళల మాట విన్నామని దాని కింద ఇంగ్లీషులో. చివరెక్కడో చిన్న అక్షరాల్లో, బొగ్గు దుమ్ము స్థానికుల దృష్టిలో ముఖ్యమైన విషయం కాదని తేలింది అని. దాచలేక పట్టుకెళ్ళి పిన్నికి చదివి వినిపించినాను. ఫొటో చూసి ముందు నవ్వింది. చివరిది రెండుసార్లు చదివించుకుంది. తేలిందా, ఎవరు తేల్చినారు అని అడిగింది. లెక్క ఎలా కట్టినారో చెప్పినాను, పది మంది అంటించలేదు గదా అని. పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది.

"మా పద్ధతి ఆ బాబుకి తెలవదు. హైదరాబాదోడు, ఆడికెలా తెలుస్తాది? నీకు తెలుసు గదే, రోజా. నువ్వక్కడే ఉన్నావు గదా, సెప్పలేదేటి?"

ఏ మొహం పెట్టుకుని చెప్పను? కాంట్రాక్టు అన్నాను, మేనేజరు అన్నాను. నా మాటలు నాకే కంపు కొట్టినాయి. పిన్ని తిట్టి ఉంటే బాగుణ్ణు. లేచి పొయ్యి దగ్గరకి వెళ్ళిపోయింది.

ఎండలు వొచ్చినాయి, పోయినాయి. కృష్ణంరాజుగారు పూడిమడక వెళ్ళిపోయినారు. పిన్ని వలలు మడిచి అటకెక్కించి, రొయ్యలు ఒలిచే షెడ్డులో దినకూలికి చేరింది. రోజంతా ఐసు నీళ్ళలో నిలబడి, వేళ్ళు తెల్లగా ఉబ్బిపోయి వస్తాది. నలభై ఆరేళ్ళు తన సరుకు తానే అమ్ముకున్న మనిషిని ఇప్పుడు సూపర్‌వైజర్ని అడిగి నీళ్ళు తాగాల్సొచ్చేలా చేసినాం. నా కాంట్రాక్టు మాత్రం రెన్యూ అయింది. గది ఖాళీ చెయ్యమని పిన్ని అనలేదు, నాకు పోవడానికి ధైర్యం లేదు.

నిన్న పొద్దున్న కుళాయి వస్తే పిన్ని నా తలుపు తట్టింది.

"మేడంగారూ, నీళ్ళొచ్చినాయి. పట్టుకోండి."