ఎవాంజలిన్ చూడని మనిషి

ఒమాన్‌లోని మబేలాలో ఓ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఎవాంజలిన్ టీ తాగే పది నిమిషాల్లోనే మూడుసార్లు ఫోన్ తీసింది. మూడోసారి చూసేసరికి ట్రేడింగ్ యాప్‌లో ఎవరో వేల బిట్‌కాయిన్లు ఒకేసారి అమ్మకానికి పెట్టారు. అంత సరుకు మార్కెట్లో పడితే రెండేళ్లుగా కూడబెట్టి కొన్న తన కాస్తంత బిట్‌కాయిన్ గతేం కాను? ఉన్నదంతా అమ్మేసింది.

మరుక్షణం ఆ పెద్ద అమ్మకపు ఆర్డరు మాయమైంది. ధర పైకి లేచింది.

"అది అమ్మడానికి పెట్టింది కాదక్కా," అన్నాడు ఆమె ఫోన్‌లోకి తొంగిచూసిన ల్యాబ్ టెక్నీషియన్ టిమోతి. "ఎవడో బాగా ఉన్నోడు మనల్ని బెదరగొట్టి, చవగ్గా కొనేసుకుని ఆర్డరు తీసేశాడు."

అంతలో మూడో బెడ్ దగ్గర అలారం మోగింది. ఆమె పరుగెత్తింది. మానిటర్‌లో గీత చదునుగా ఉన్నా దాన్ని నమ్మలేదు. ముందు మనిషిని చూడాలన్నది పన్నెండేళ్ల డ్యూటీ నేర్పిన అలవాటు. ముసలి ఒమానీ ఛాతీ గోక్కుంటూ నవ్వాడు. వైరు ఊడింది, అంతే.

దాన్ని తిరిగి అతికించి ఎవాంజలిన్ జేబులోని ఫోన్ తడిమింది. ఇందాక ఫోన్‌లో తనను బెదరగొట్టిన అలారానికి మాత్రం, వెళ్లి చూద్దామన్నా మంచమూ లేదు, మనిషీ లేడు.