చివరి పేజీ నుంచి మొదలుపెట్టే మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు బస్సు మీద వచ్చింది. ఇబ్రహీంపట్నం నుంచి పొద్దున వచ్చే బండి డ్రైవరు, పట్నంలో నేను పాఠాలు చెప్పే బడి ముందర బండి ఆపి, కిందికి దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ కిందికి దిగే మనిషి కాదు. మా అత్తమ్మ పంపే పల్లికాయల మూట అయినా కిటికీలోంచే అందించేవాడు. అతను దిగడం చూసే నాకు సగం అర్థమైంది.

"మీ అత్తమ్మ తెల్లారంగ పోయిందమ్మా. జరం వచ్చింది, తగ్గనే లేదు. మల్ల పొయ్యే బండ్ల నిన్ను తోలుకరమ్మన్నడు బాపు," అన్నాడు.

ఆ బండిలోనే వెళ్ళాను. దారిపొడుగునా ఏడుపు రాలేదు. ఒకటే మాట లోపల తిరుగుతూ ఉంది: మేమిద్దరం ఒక అధ్యాయం చివరికని దాచుకున్నాం, దాన్నిప్పుడు ఎవరితో చదవను?

ఈ పత్రిక చదివే ఆడవాళ్లలో ఆమె చేతి కింద అక్షరాలు దిద్దినవాళ్లు ఉండే ఉంటారు. మిషన్ బాలికల బడిలో ఆమె చాలా ఏళ్లు లెక్కలూ బైబిలు పాఠమూ చెప్పింది. రెండింటికీ ఒకటే గొంతు. దారి చూపకుండా జవాబు చెబితే లెక్కలోనైనా లేఖనంలోనైనా ఒప్పుకునేది కాదు. పెళ్లి చేసుకోలేదు. కళ్లకు పొరలు కమ్మాక పని మానేసి, ఇబ్రహీంపట్నం బజారు వెనక సందులో మా ఇంటిని ఆనుకుని ఉన్న గదిలోకి వచ్చి చేరింది. అద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. వాటితో ఏమీ కనిపించకపోయినా, పుస్తకం తెరవగానే పెట్టుకునేది. "మర్యాద," అనేది.

ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం పూట ఆ గదిలో ఆడవాళ్లు కూడేవారు. వేయించిన పల్లికాయలు ఒక పళ్లెంలో పోసి నడుమ పెట్టేది. ఎవరైనా మంచి ప్రశ్న అడిగితే మెచ్చుకునే అలవాటు ఆమెకు లేదు. ఆ పళ్లెం వాళ్ల వైపు జరిపేది, అంతే. మంచి జవాబుకు మాత్రం పళ్లెం కదిలేది కాదు. ఎదురింటి పటేలమ్మ మా మతం మనిషి కాదు. పల్లికాయల కోసం వస్తున్నానని అందరికీ చెప్పుకుంటూ, ఒక్క వారం కూడా తప్పకుండా వచ్చి గడప దగ్గర కూర్చునేది.

కాలేజీ చదువు ముగించుకుని ఇంటికి వచ్చిన ఆ ఏడాది నాకు ఊళ్లో కాలు నిలిచేది కాదు. పొద్దున చెరువు కట్ట దాకా నడిచేదాన్ని, సాయంత్రం బస్సు ఆగే చోటు దాకా నడిచేదాన్ని. ఎక్కేది లేదు, దిగే వాళ్లను చూడటమే. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం, గుడిలో మార్కు సువార్త మొదలుపెడుతున్నామని సంఘపెద్ద చెప్పినప్పుడు, నేను లేచి అడిగాను. ఈ సువార్త పాత చేతిరాత ప్రతుల్లో చివరి పన్నెండు వచనాలు లేవని కాలేజీలో పాఠం చెప్పే దొరసాని చెప్పింది. మనం ఆ సంగతి కూడా చదువుతామా?

గుడిలో విసనకర్రలు ఆగిపోయాయి. సంఘపెద్ద నా వైపు చూడలేదు, మా బాపు వైపు చూశాడు. "పిల్లను సదివిచ్చినవ్, మంచిది. గుడిల ఎట్ల మాట్లాడాల్నో గూడ నేర్పకపోయినవ్," అన్నాడు.

ఆ తరువాత నేను ఆదివారం గుడికి వెళ్లడం మానేశాను, మా అత్తమ్మ గదిలో కూటమికీ వెళ్లలేదు. ఇంట్లో అమ్మ ఏడ్చింది. బాపు మాట్లాడటం తగ్గించాడు. మా మేనత్త మాత్రం నన్ను పిలిపించి, ఒక కార్డు ముక్క చేతికిచ్చింది.

"సికింద్రాబాద్‌ల పుస్తకాల దుకాణం నడిపే పిల్ల నా తాన సదువుకున్నదే. దానికి రాయి. మార్కు మీద వ్యాఖ్యానాలు ఎన్నుంటె గన్ని పంపుమను. ఒకటి ఉంచుకొని తక్కినవి వాపసు పంపుతమని రాయి."

"ఇంగ్లీషువి నీకెందుకు అత్తమ్మా? నీకు కనిపియ్యదు గద."

"నాకు కనిపియ్యదు. నీకు కనిపిస్తది. నాకు ఇనిపిస్తది. ఇద్దరం కలిస్తె ఒక మనిషి సరిపోతం. రాయి."

మూడు పుస్తకాలు గోనెగుడ్డలో కట్టి వచ్చాయి. బస్సు కండక్టరు ఆ మూటను గుమ్మంలో దించి, "ఇల్లు కడుతున్నవా టీచరమ్మా, ఇటుకలు తెప్పిచ్చినవ్?" అన్నాడు. "అవ్ బిడ్డా, మొండిగోడ ఒకటి ఉన్నది మా ఇంట్ల," అంది ఆమె నా వైపు తల తిప్పి.

మొదటి పుస్తకం ఎర్ర అట్ట, వీపు మీద బంగారు అక్షరాలు. రెండోది నల్లగా, సన్నగా, కొత్తగా ఉంది. మూడోది యుద్ధం రోజుల ముతక కాగితం, మట్టిరంగు అట్ట, చీమలంత అక్షరాలు. నేను మొదటిదాన్ని తెరిచి ముందుమాట చదవబోయాను.

"ముందుమాట వద్దు. ముందుమాటల అందరు మంచోల్లే. ఆఖరికి పో. ఆడోల్లు సమాధి కాడికి పొద్దుపొడుపున పోతరు సూడు, గక్కడ ఏం రాసిండో చదువు. నువ్వు గుడిల అడిగిన ప్రశ్న ముగ్గురిని అడుగుదాం."

చూపు పోయిన మనిషి పుస్తకాన్ని వెనక నుంచి తెరిపించడం నాకు అప్పుడు వింతగా తోచింది. తరువాత ఆమె ఏ పుస్తకమైనా అలాగే తెరిపించడం చూశాను. కష్టమైన చోటికి ముందే వెళ్లి, అక్కడ ఈ మనిషి నిలబడతాడా పక్కకు తప్పుకుంటాడా అని చూసేది.

బంగారు అక్షరాల పుస్తకంలో చివరి అధ్యాయానికి పేజీలకు పేజీలు ఉపదేశం ఉంది. పాత ప్రతుల ఊసే లేదు. "మంచిగ రాసిండు. గని ఆ గుంత మీద గడ్డి కప్పి పోయిండు," అంది. నల్ల పుస్తకం రెండు వాక్యాల్లో తేల్చేసింది: ఆ భాగం మార్కుది కాదు, చివరి ఆకు ఎక్కడో చిరిగిపోయింది, ముందుకు పోదాం. "చింపినప్పుడు ఈయన పక్కన ఉన్నడానె?" అని అడిగింది ఆమె.

మట్టిరంగు పుస్తకం చదవడానికి నాకు చాలాసేపు పట్టింది. పాత ప్రతులు ఎక్కడ ఆగాయో చెప్పాడు. తరువాతి భాగాన్ని సంఘం ఎంత పాతకాలం నుంచి చదువుతూ వచ్చిందో కూడా చెప్పాడు. ఆకు పోయిందనే వాళ్ల వాదన ఏమిటి, మార్కు కావాలనే అక్కడ ఆపాడనే వాళ్ల వాదన ఏమిటి, రెండూ వాళ్ల తరఫునే నిలబడి చెప్పాడు. ఆ తరువాత, తన మనసు ఎటు మొగ్గుతోందో, ఎందుకు పూర్తిగా తేల్చుకోలేకపోతున్నాడో రాశాడు. నేను ఆ చివరి మాట తొందరగా దాటేయబోయాను.

"జర ఆగు. అంత సులువుగ చెప్తున్నవంటె ఏదో ఇడిసిపెట్టినవ్. మల్ల చదువు."

మళ్లీ చదివాను. ఆమె నవ్వింది. పాత ప్రతుల్లో కథ ఆగిన చోటును తెలుగులో మరొకసారి చెప్పించుకుంది: ఆడవాళ్లు వణుకుతూ పారిపోయారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. వేళ్లతో అద్దాల దారం తిప్పుతూ నెమ్మదిగా అంది, "ఎవ్వలకు చెప్పకుంటె మరి మనదాక ఎట్ల వచ్చిందే?"

నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు చెప్పకు. నేను గూడ చెప్ప. ఈ ప్రశ్న మన గదిల ఎవ్వలో ఒకలు అడుగుతరు. ఎవ్వలడుగుతరో నాకు ఇనాలని ఉన్నది. గీ పుస్తకం ఉంచుకుందాం."

మర్నాడు సంఘపెద్ద వచ్చాడు. బంగారు అక్షరాల పుస్తకం చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "టీచరమ్మా, గిది ఉంచు. ఆ మట్టిదాంట్ల అన్ని అనుమానాలేనంట గద. పిల్లల నమ్మకం పోతది."

"దాస్తె పోతది. చెప్తె అడుగుతరు, అడిగితె కూసుంటరు. ఈ పిల్ల రెండు వారాల సంది మనతోని కూసోలేదు. నాకు గదే ఫికర్. నీకు పన్నెండు వచనాల ఫికర్, నాకు ఒక పిల్ల ఫికర్."

ఆయన బంగారు అక్షరాల పుస్తకాన్ని మంచం మీద పెట్టేశాడు. "ఏమన్న అయితె జవాబు నువ్వే."

"నేనే."

నేను పక్కగదిలో బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఆ మాట విన్న తరువాత ఏరిన రాళ్లన్నీ మళ్లీ బియ్యంలోనే వేశానని అమ్మ తిట్టింది. ఆ ఆదివారం వెళ్లి ఆ గదిలో కూర్చున్నాను.

ఆమె పద్ధతి ఒకటుంది. ముందు తెలుగు సువార్తలో ఆ భాగం రెండుసార్లు చదవాలి. తరువాత మూసేసి, ఎవరికి ఏం తోచిందో వాళ్లు చెప్పాలి. అప్పటిదాకా వ్యాఖ్యానం ఆమె ఒళ్లో, మూసే ఉండేది. "ఈయన దూరం నుంచి వచ్చిన పెద్దమనిషి. మొదాలే ఈయన నోరు తెరిపిస్తె మనం తెరవం," అనేది.

విత్తనాలు చల్లేవాడి ఉపమానం వచ్చిన వారం నాకు బాగా గుర్తుంది. చదవడం అయిందో లేదో గడప దగ్గర నుంచి పటేలమ్మ అందుకుంది.

"ఏందమ్మా గిది! బాట మీద కొన్ని, రాళ్లల్ల కొన్ని, ముండ్లల్ల కొన్ని పారబోసిండా? గసొంటోన్ని మా పటేలు ఒక్క పూట గూడ ఉంచుకోడు. ఇత్తనం ఏమన్న పుక్యానికి వస్తదా?"

గదంతా ఘొల్లుమంది. మా అత్తమ్మ నవ్వలేదు. పళ్లెం గడప దాకా జరిపింది. అప్పుడు వ్యాఖ్యానం తెరవమంది. ఆ దేశంలో ముందు విత్తనం చల్లి ఆ తరువాత దున్నేవారని, నడిచి నడిచి పడిన కాలిబాటా ఎండిన ముళ్లపొదా కూడా నాగలి కిందికే వస్తాయని, అందుకే అతను అన్ని చోట్లా చల్లాడని అందులో ఉంది.

"గట్ల చెప్పు మరి," అంది పటేలమ్మ నోట్లో పల్లికాయ వేసుకుంటూ. "తెలివి తక్కువోడనుకున్న పాపం."

ఆ పూట అందరూ వెళ్లాక మా అత్తమ్మ నాతో చెప్పింది. "సూసినవా, ఆ దేశపు మట్టి సంగతి చెప్పిండు. మంచిగుండుమని మనకు నీతి చెప్పలే. గా నీతి మనకు మనం చెప్పుకోవచ్చు. మట్టి సంగతి మనకెవ్వలు చెప్తరు?" వ్యాఖ్యానం ఎలాంటిది కావాలో అడిగే వాళ్లకు ఇవాళ నేను చెప్పగలిగింది కూడా ఇంతే.

వారాలు గడిచేకొద్దీ సంఘపెద్ద కూడా రావడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ల కూటమి కాబట్టి లోపలికి వచ్చేవాడు కాదు. వీధి అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకుంటూ ఉండేవాడు. ఎప్పుడైనా నేను మెల్లగా చదివితే బయటి నుంచి, "జర గట్టిగ సదువు బిడ్డా," అని వినిపించేది.

చీపురుపుల్ల ఒకటి విరిచి గుర్తుగా పేజీల నడుమ పెట్టేది మా అత్తమ్మ. పేజీ మూల మడిచిన చేతిని కొట్టినంత పని చేసేది. ఆ పుల్ల చివరి అధ్యాయం దాకా వచ్చేసరికి నాకు పట్నంలో ఉద్యోగం దొరికింది. ఇన్నాళ్లూ బస్సు ఎక్కాలని తపించిన నేను, ఎక్కే రోజు వచ్చాక గుమ్మంలో నిలబడిపోయాను.

"పో," అంది. "ఆఖరు అధ్యాయం నువ్వొచ్చినంకనే చదువుదాం. అందాక గీల్లకు మొదటి అధ్యాయం నుంచి మల్ల చెప్పిస్త. సెలవులకు రా. ఎవ్వలడుగుతరో సూద్దాం."

సెలవులు ఇంకా రాలేదు. నేనే ముందు వచ్చాను.

చెరువుకు అవతల, రాళ్లదిబ్బ వాలులో ఉన్న మా సమాధుల తోటలో ఆమెను పెట్టారు. సంఘపెద్ద ప్రార్థన మొదలుపెట్టి నడుమ ఆగిపోయాడు, ఇంకొకరు ముగించారు. ఆమె గదిలో మంచం మీద పుస్తకం ఉంది, పుల్ల అక్కడే ఉంది. తెరవబుద్ధి కాలేదు.

మూడో నాటి పొద్దున, అలవాటు ప్రకారం ఆడవాళ్లం సమాధి దగ్గరికి వెళ్లాం. చెంబుల్లో నీళ్లు, కొంగుల్లో బంతిపూలు. ఇంకా పొద్దు పూర్తిగా పొడవలేదు. పటేలమ్మ కూడా వచ్చింది. లోపలికి రావచ్చో కూడదో తెలియక కాసేపు కంచె దగ్గర నిలబడి, ఎవరూ ఏమీ అనకపోవడంతో వచ్చి నా పక్కన కూర్చుంది. కొత్త మట్టి మీద నీళ్లు పోశాం. పూలు ఒక్కొక్కటే పరిచాం.

"పిల్లా," అంది పటేలమ్మ చివరికి. "మీ అత్తమ్మ ఆఖరు పాఠం నీ కోసమని ఆపింది గద. గందుల ఏమున్నది?"

పుస్తకం నా దగ్గర లేదు. నోటితోనే చెప్పాను. ముగ్గురు ఆడవాళ్లు, పొద్దుపొడుపు, చేతుల్లో సుగంధ ద్రవ్యాలు, ఆ రాయి ఎవరు దొర్లిస్తారని దారిలో వాళ్లు పడిన బెంగ, తీరా చూస్తే దొర్లి ఉన్న రాయి, తెల్లబట్టల పడుచువాడు. అత్తమ్మ వింటున్నట్టే ఎక్కడా తొందరపడలేదు, ఏదీ విడిచిపెట్టలేదు. పాత ప్రతులు ఆగిన చోటికి వచ్చాను. వాళ్లు వణికిపోతూ పరుగెత్తారని, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదని చెప్పి ఆగాను.

"ఇంకా?"

"పాతవాటిల్ల గంతే పటేలమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. తడిసిన మట్టిని చూసింది. "గదేందే! ఎవ్వలకు చెప్పకుంటె మరి నీకెట్ల తెల్సిందే?"

నా చెయ్యి దానంతట అదే పక్కకు జరిగింది, పళ్లెం ఆమె వైపు తోయడానికి. అరచేతి కింద చల్లటి మట్టి తగిలింది. నీళ్లు ఇంకా పూర్తిగా ఇంకలేదు.