తెల్ల నలుసుల నల్లకోటు

తబితా హేగ్ ముప్పయ్యొక్క ఏళ్ళుగా బాట్లీ అనే ఊళ్ళోని ఉన్ని మిల్లులో పాత గుడ్డలు ఏరుతోంది. చెమటకు కుళ్ళిన బనీన్లు, పేలు పాకే మేజోళ్ళు, రోగంతో పోయినవాళ్ళ కంబళ్ళు ఓడలెక్కి వచ్చి ఆమె ఒళ్ళో పడేవి. వాటికి ఆమె ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఆ గుడ్డల్ని చీల్చి, ఏకి, మళ్ళీ వడికిన ఉన్నిని బాట్లీలో షాడీ అంటారు. సగం ఊరికి రొట్టె పెట్టేది అదే.

లండన్ వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు పెన్‌రోజ్, ఆ ఆదివారం ప్రసంగంలో దొంగభక్తుల్ని తిడుతూ వాళ్ళది 'షాడీ విశ్వాసం' అన్నాడు. లండన్‌లో అందరూ ఆ మాటను అలాగే వాడతారట. పైన పటారం, లోన లొటారం అని అర్థమట. గుడ్డలు ఏరే ఆడవాళ్ళంతా తలలు దించుకున్నారు. తబితకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తమ చేతిపని పేరు తీసుకెళ్ళి చెత్తకు తగిలించడమే కాక, తమ చందాలతో కట్టిన చర్చిలోనే దాన్ని తెచ్చి తమ మొహాన కొట్టడమా? ఆ మధ్యాహ్నం ఆమెకు తిండి సహించలేదు.

పక్కింటి మార్తా సముదాయించబోయింది. "పోనీవే, చిన్నవాడు. ఏదో నోరు జారాడు."

"జారిన నోరు వాడే కడుక్కోవాలి. మాట వెనక్కి తీసుకునేదాకా వాడి గుమ్మం వదలను" అని శాలువా కప్పుకుని బయల్దేరింది తబిత.

పెన్‌రోజ్ తలుపు తీసి, లోపలికి రమ్మని చెయ్యి చాచాడు. తబిత ఆ చెయ్యి వదిలేసి అతని కోటు అంచు పట్టుకుంది. కొత్త బట్ట కనబడితే వేళ్ళ మధ్య నలపకుండా ఉండలేని జాతి ఆ మిల్లువాళ్ళది. బాట్లీ సరుకే. నలిపినచోట పొడి రాలింది. కిటికీ వెలుగులో చూస్తే నల్లటి బట్ట నిండా తెల్లటి నలుసులు.

అవేమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. పాత బట్టల కుట్లు నూలుదారంతో వేసినవి. ఉన్నికి వేసే రంగు నూలుకు పట్టదు, అది తెల్లగానే మిగిలిపోతుంది. అందుకే కుట్లన్నీ కత్తితో కోసి పారేయాలి. పోయిన చలికాలం మిల్లు దొర వచ్చి, ఆ కోత దండగ, అలాగే మరలో వెయ్యండి అన్నాడు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తబిత కత్తి పక్కన పెట్టింది. రోజుకు రెండు బుట్టలు ఎక్కువ ఏరొచ్చని సంతోషించింది కూడా.

ఇప్పుడు తన చేతుల్ని చూస్తే తనకే కంపరం పుట్టింది. ముప్పయ్యొక్క ఏళ్ళ మురికికి పుట్టని అసహ్యం ఆ నలుసులకు పుట్టింది.

పెన్‌రోజ్ ఆమె వాలకం చూసి నొచ్చుకున్నాడు. "పొద్దున నా మాట మీ మనసు కష్టపెట్టినట్టుందమ్మా. వచ్చే ఆదివారం వెనక్కి తీసుకుంటాను."

"వద్దయ్యగారూ" అంది తబిత, కోటు వదలకుండానే. "వచ్చే ఆదివారం ఈ కోటే వేసుకు రండి. ముందు బల్ల మీద కూర్చునే మా దొర మొహం చూసి ఆ మాట ఇంకోసారి అనండి. తర్వాత నా మొహం చూసి అనండి."