మా అక్క సముద్రంలో మునిగిన ఆదివారం

నా బొంబాయి ప్రయాణం ఒక మాటను తప్పుగా అర్థం చేసుకోవడంతో మొదలైంది. బొంబాయి నుంచి వచ్చిన మా వైపు కూలీ ఒకాయన మక్తల్ బస్టాండులో మా అమ్మకు ఎదురుపడ్డాడు. ఆయన ఊరి బస్సు కదులుతోంది. దాని వెంట పరుగెత్తుతూనే, "మీ బాలమ్మ వచ్చే ఆదివారం సముద్రంల మునుగుతదట" అని అరిచి ఎక్కేశాడు. బస్సు పోయింది, మా అమ్మ అక్కడే కూలబడింది.

బాలమ్మ మా అక్క. పెళ్లైన ఏడాదే మేస్త్రి పనిచేసే బావ వెంట బొంబాయిలోని కామాటిపురకు పోయి అక్కడే ఉండిపోయింది. చిన్నప్పుడు నీళ్లు చేదుతూ బావిలో పడితే జుట్టు పట్టుకుని పైకి లాగారు. అప్పటి నుంచి నీళ్లంటే ఆమెకు ప్రాణభయం. కుంకుడు పులుసు మండుతున్నా సరే, తల మీద నీళ్లు పడుతుంటే కళ్లు మూయదు. అలాంటి మనిషి సముద్రంలో మునుగుతుందంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? "బావ ఏమన్న అన్నడేమో. చెయ్యి పట్టుకొని తీస్కరాపోరా" అంది అమ్మ. నేను సైకిలు దుకాణానికి తాళం వేసి రాయచూరు బస్సెక్కాను.

రాయచూరులో సాయంత్రం బొంబాయి బండి దొరికింది. జనరల్ బోగీలో తలుపు పక్కన పెట్టె మీద కూర్చునే చోటు దొరకడమే గొప్ప. పక్కనే మట్టి పనికి పోతున్న ఒక పెద్దమ్మ జొన్నరొట్టె, పచ్చడి ఇచ్చి నా సంగతంతా రాబట్టింది. సముద్రంలో మునగడం పుణ్యం కదా, నీకెందుకింత దిగులు అంది. పుణ్యానికి మునిగేవాళ్లకు నీళ్లంటే భయం ఉండదు పెద్దమ్మా అన్నాను. ఆమె ఇంకో రొట్టె నా చేతిలో పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నానికి దాదర్‌లో దిగాను. మీరెవరైనా వెళ్తే దాదర్‌లోనే లోకల్ బండి పట్టుకుని బొంబాయి సెంట్రల్‌లో దిగండి, అక్కడి నుంచి నడిచే దూరమే. గల్లీలకు పేర్లకన్నా నంబర్లే గుర్తు. కామాటిపుర అనగానే అక్కడి సానివాడ గుర్తొచ్చి మా వైపు కొందరు అదోలా నవ్వుతారు. ఆ నగరానికి ఇళ్లు కట్టిన మన తెలుగు కూలీల, కామాటీల పేరే అది, నవ్వేవాళ్లకు ఆ సంగతి తెలియదు. వెల్డింగు దుకాణాలు దాటి, అక్కావాళ్లుండే వరసగదుల చాల్ మెట్లెక్కుతుంటే పైనుంచి తెలుగులో ఎవరో ఎవరినో తిడుతున్నారు. ప్రాణం లేచొచ్చింది.

అక్క వరండాలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. ఆమెను చూడగానే బావురుమన్నాను. సంగతి విని అక్క చేట పక్కన పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది.

"ఓరి పిచ్చోడా, మునుగుడంటే బాప్తిస్మం రా."

లోపలి నుంచి బావ అందుకున్నాడు. "పెండ్లైనప్పటి సంది నన్నే ముంచింది బామ్మర్ది. ఇగ ఆమె మునిగేదే మిగిలింది."

బావ ఎల్లమ్మ భక్తుడు, తన మొక్కులు తనవి. అక్క దారికి అడ్డం మాత్రం ఎన్నడూ పోలేదు. అక్క ఏళ్ల తరబడి ఆ గల్లీలోని తెలుగు బాప్తిస్టు సంఘానికి పోతోంది. అయినా ఆమె ఇంకా సభ్యురాలు కాదు. నెలకోసారి, మొదటి ఆదివారం, వాళ్లు ప్రభువు బల్ల అని రొట్టె ముక్కలూ ద్రాక్షరసమూ పంచుకుంటారు. నీళ్లలో మునిగి లేచినవాళ్లకే అది. పళ్లెం ప్రతిసారీ అక్కను దాటి పక్కామె చేతికి పోతుంది. రెండుసార్లు సముద్రం దాకా పోయి, అల కాళ్లకు తగలగానే ఒడ్డుకు పరుగెత్తి వచ్చిందట.

"ఈసారి గూడ ఉరికొస్తె ఇగ మల్ల ముంచుమని అడగ తమ్మీ" అంది. అప్పుడు మాత్రం నవ్వలేదు.

శనివారం సాయంత్రం ఆమె వెంట ప్రార్థనకు పోయాను. ప్రింటింగ్ ప్రెస్ పైన అద్దె గది. చెప్పులు మెట్ల మీద విడిచి, జంపఖానా మీద మగవాళ్లొక వైపు, ఆడవాళ్లొక వైపు కూర్చున్నారు. దేవుడి పటం కోసం నాలుగు గోడలూ వెతికాను. సున్నం తప్ప ఏమీ లేదు. ఒక బల్ల, దాని మీద బైబిలు, అంతే. డోలకూ తాళాలూ మొదలవగానే నేను ముక్కున వేలేసుకున్నాను, వరస అచ్చం మా ఊరి భజన వరసే! పిల్లలు పాట తెలుగులో పాడి, మధ్యమధ్య మరాఠీలో గుసగుసలాడుకుంటున్నారు. ఒక పసిబిడ్డను ముందుకు తెస్తే పాస్టరు ఏసోబయ్య ఎత్తుకుని ప్రార్థన చేసి తిరిగి ఇచ్చేశాడు. చుక్క నీళ్లు చల్లలేదు. బిడ్డ పెద్దదై తన నోటితో తాను చెప్పాలట, తల్లిదండ్రులు చెప్తే చెల్లదట.

ఆయన కిందున్న ప్రెస్‌లోనే పనిచేస్తాడు. నాకు నోరు ఊరుకోదు కదా, పక్కకు పిలిచి అడిగాను: కొన్ని చర్చీల్లో తల మీద నాలుగు చుక్కలు చల్లి సరిపెడతారు, మా అక్కకూ అట్లా చేస్తే మీ సొమ్మేం పోతుంది?

ఆయనకు కోపం రాలేదు. "తమ్మీ, సచ్చినోన్ని మట్టిల పూడుస్తరా, రెండు పిడికిళ్లు సల్లి ఇంటికి పోతరా? ఇది గూడ గంతే. పాత మనిషిని పూడ్సుడు, కొత్త మనిషి లేసుడు."

వచ్చి నా చోట కూర్చున్నాను. తర్వాత అక్కను నిలబెట్టి సాక్ష్యం చెప్పమన్నారు. తనకు నమ్మకం ఎట్లా కుదిరిందో అందరి ముందూ చెప్పడమే సాక్ష్యం. అక్క కొంగు నలుపుతూ మొదలుపెట్టింది.

"బాయిల పడ్డప్పుడు నన్నెవరడగలె. పెండ్లికి అడగలె, బొంబాయికి తెచ్చినప్పుడు అడగలె. దేవుడొక్కడే అడుగుతున్నడు, వస్తవా అని. వస్త అంటున్న."

మా వెంట వచ్చి వెనక గోడకు ఆనుకున్న బావ తల వంచుకున్నాడు. ఆమెను చేర్చుకుందామా అని పాస్టరు సంఘాన్ని అడిగాడు. ఈ సంఘంలో పైనుంచి హుకుం ఇచ్చే పెద్ద ఎవరూ లేరు, సభ్యులు చేతులెత్తితేనే ఏదైనా. గదిలోని చేతులన్నీ లేచాయి. నా చెయ్యి కూడా లేవబోతే పక్కాయన మెల్లగా దించాడు.

ఆదివారం తెల్లవారగానే దాదర్ సముద్రపు ఒడ్డుకు చేరాం. వర్లి చాళ్ల నుంచి కూడా జనం వచ్చారు, మిల్లులు మూతపడి పనులు పోయినవాళ్లే ఎక్కువ. పాట ఎత్తుకున్నారు. నేను చూడ్డానికొచ్చినవాణ్ణి, చెప్పులు చేతపట్టుకుని పొడి ఇసుకలో నిలబడ్డాను. అక్కకన్నా ముందు ఇద్దరు మునిగి లేచారు.

అక్క తెల్లచీర కట్టుకుని మోకాళ్ల దాకా పోయింది. అల వచ్చింది. అక్క ఆగిపోయింది, వెనక్కి తిరిగింది, కళ్లతో నన్ను వెతికి చెయ్యి చాపింది. పాట తడబడింది. చెప్పులు ఎక్కడ పడేశానో తెలియదు, ప్యాంటుతోనే నీళ్లలోకి పోయి ఆ చెయ్యి పట్టుకున్నాను. చన్నీళ్లు, కాళ్ల కింద ఇసుక జారుతోంది. నడుము లోతుకు పోయేసరికి ఆమె గోళ్లు నా మణికట్టులో దిగాయి. ఇంటికి పోదాం పదక్కా అనాలని నా నాలుక చివరిదాకా వచ్చింది.

"బాలమ్మా, నీ అంతట నువ్వే దిగుతున్నవా?" అని అడిగాడు పాస్టరు.

అక్క ఆయన వైపు చూసింది. తర్వాత నా చేతి వైపు చూసింది. ఒక్కొక్క వేలే వదిలింది.

"నా అంతట నేనే" అంది.

ఆయన ఆమె వీపుకు చెయ్యి ఆనించి వెనక్కి వాల్చాడు. జుట్టుతో సహా అక్క కనబడకుండా పోయింది. నేనో అడుగు ముందుకు వేశాను. లేచింది! ముక్కులోంచి నోట్లోంచి నీళ్లు, దగ్గు, ఆ దగ్గులోనే, "అయ్యో, గింత ఉప్పగున్నదేంది" అంది. ఒడ్డున అందరూ నవ్వారు. నేను మాత్రం ఏడ్చాను, సముద్రంలో ఎవరికి తెలుస్తుంది.

అది నెలలో మొదటి ఆదివారమే. గదికి తిరిగి వచ్చాక రొట్టె పళ్లెం అక్క ముందు ఆగింది. నన్ను దాటి పోయింది. ఏళ్ల తరబడి ఆమెకు ఎట్లా ఉండేదో అప్పుడు కొంచెం అర్థమైంది.

సోమవారం మధ్యాహ్నం తిరుగుబండి ఎక్కాను. బావ వడాపావులు కట్టించి ఇచ్చాడు. నా కథంతా విన్న ఎదురు సీటాయన, నువ్వు కూడా వాళ్లలో కలిసిపోయావా అని అడిగితే నడుముల దాకానే అన్నాను. వాళ్ల దేవుడి సంగతి నాకంతగా తెలియదు. కానీ మనిషిని అడిగి, జవాబు కోసం ఆగే మతం అది, అంతవరకు నా కళ్లతో చూశాను. ప్యాంటు ఆరి ఉప్పు చారలు కట్టింది.

మర్నాడు మక్తల్‌లో బస్సు దిగేసరికి అమ్మ నిలబడి ఉంది. నా వెనక ఎవరైనా దిగుతారేమోనని చూసింది. బాప్తిస్మం సంగతంతా అక్కడే చెప్పాను. అమ్మ వంగి నా ప్యాంటు మీది ఉప్పు చారలు చూసింది.

"నీళ్లల్ల నువ్వన్న చెయ్యి పట్టుకున్నవారా?" అంది.

"పట్టుకున్ననమ్మా. అక్కనే ఇడ్సింది."