ఆటో వెనక అద్దం

రేష్మ మా పక్క గదిలో దుకాణం పెట్టడానికి వచ్చిన రోజునే ఆమె ఉత్సాహం మీద నీళ్లు చల్లాను. అది నా అలవాటు. ఎవరైనా కొత్త పని మొదలుపెడుతున్నారంటే అందులోని లొసుగులన్నీ ముందే ఏకరువు పెట్టకపోతే నాకు అన్నం సహించదు. నా పేరు అనంతరావు. చంద్రపూర్‌లో లాల్‌పేట్‌కు వెళ్లే దారిలో మా నాన్న పెట్టిన అద్దాల దుకాణం నడుపుతున్నాను. కిటికీలకూ బీరువాలకూ బండ్లకూ అద్దాలు కోసి బిగించడం, ఫోటోలకు ఫ్రేములు కట్టడం. ముప్పై ఆరేళ్లుగా ఇదే పని. అద్దం గురించి నాకు తెలియనిది లేదని అందరితోనూ చెప్పుకునేవాణ్ణి.

"ఏం దుకాణం పెడ్తున్నవ్ బిడ్డా?" అని అడిగాను.

"రేడియం షాపు, సేట్."

మా దగ్గర బండ్ల మీద అంటించే స్టిక్కర్లన్నిటినీ రేడియం అనే అంటారు. నంబర్ ప్లేటు మీది అంకెలు, ట్రక్కు ముందు అద్దం మీద మరాఠీలో 'ఆయీచా ఆశీర్వాద్', అంటే అమ్మ దీవెన, స్కూలు వ్యాను మీద స్కూలు పేరు, అన్నీ రేడియమే.

"గీ బొగ్గు దుమ్ముల రేడియమా? నలభై ఆరు డిగ్రీల ఎండ గొడ్తది. నీ స్టిక్కర్ ఏడ నిలుస్తది?"

"సూద్దాం సేట్. దేవుడున్నడు," అంది. ఎవరు ఏమన్నా ఆమె జవాబు అదే.

రేష్మది లాల్‌పేట్. తండ్రి గాబ్రియేలు బొగ్గు గనిలో దిగి పనిచేసి, రిటైరైన మూడేళ్లకే పోయాడు. ఆమె మరాఠీ బడిలో పన్నెండో తరగతి దాకా చదివి, కచేరీ ఎదురుగా ఒక జిరాక్స్ దుకాణంలో పదేళ్లు టైపింగు చేసింది. భర్త ఇమ్మానుయేల్ మాజ్రిలో కాంట్రాక్టు మీద లోడింగు పనికి పోయేవాడు. ఒక రోజు వ్యాగను మీద నుంచి జారిపడి నడుము పోయింది. అప్పటి నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. వంట అతనే చేస్తాడు, అదీ గోడకు ఆనుకుని నిలబడి. జిరాక్స్ దుకాణం మూతపడ్డాక ఆమె నాగపూర్ నుంచి పాత కటింగ్ మిషను ఒకటి తెచ్చుకుంది. కంప్యూటరూ, కాగితాలు ప్రింటు తీసే చిన్న ప్రింటరూ జిరాక్స్ దుకాణం నుంచి వచ్చాయి. నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. ఫోన్లో హిందీ వీడియోలు చూస్తూ మొదలుపెట్టింది.

మొదటి నెల ఆమె ప్రయోగాలన్నీ నా చెత్త గాజు ముక్కల మీదే జరిగాయి. పొద్దున్నే వచ్చి, "సేట్, పనికిరాని ముక్కలు ఉన్నయా?" అని నాలుగు పట్టుకుపోయేది. మిషను స్టిక్కరు షీటు మీద అక్షరాలను కోస్తుంది. అక్షరాలు మాత్రం మిగిలేలా చుట్టూ ఉన్న వ్యర్థాన్ని సూదితో పీకెయ్యాలి. తరువాత వాటి మీద ఒక జిగురు కాగితం వేసి, మొత్తాన్ని ఎత్తి అద్దం మీద పరిచి, రబ్బరు పట్టీతో నొక్కాలి. చెప్పుకుంటే ఇంతే. ఆమెకు మాత్రం బ్లేడు ఒకసారి లోతుగా దిగి కింది కాగితాన్ని కూడా కోసేది, ఒకసారి అసలు దిగేదే కాదు. వ్యర్థంతో పాటు అక్షరాల తలకట్లు ఊడి వచ్చేవి. అన్నీ కుదిరి అద్దం మీదికి చేరిందా, అడుగున బొగ్గు దుమ్ము. పొద్దున తుడిచిన బల్ల మీద పది గంటలకు వేలితో పేరు రాసుకోవచ్చు మా ఊళ్లో. ఆ నలుసులన్నీ స్టిక్కరు కింద పొక్కుల్లా లేచేవి.

"రేష్మా, గిది స్టిక్కరా సకినమా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

ఆమె నవ్వి, దాన్ని గీకేసి, మళ్లీ మొదలుపెట్టేది. నవ్విన తరువాత లోపలికి వెళ్లి కాసేపు కనబడేది కాదు. ఏడ్చేదేమో. నేను అడగలేదు.

చివరికి ఆమే దారి కనిపెట్టింది. పొద్దున ఆరు గంటలకు, లారీల రాకపోకలు మొదలవకముందే, నేల కడిగి, తలుపు దగ్గరికి వేసి పని చేసేది. అద్దం మీద షాంపూ చుక్క కలిపిన నీళ్లు చల్లితే స్టిక్కరు వెంటనే పట్టుకోదు, అటూ ఇటూ జరుపుకోవచ్చు. నడిమి నుంచి అంచులకు పట్టీతో తోస్తే నీళ్లూ గాలీ బయటికి పోతాయి. మే నెలలో ఆ నీళ్లు కూడా ఆమె సరిచూసుకునే లోపే ఆరిపోయేవి. అయినా మూడో నెలకు ఆమె అంటించిన అక్షరం మీద వేలు పోనిస్తే అంచు తగిలేది కాదు. నేను ఒప్పుకున్నాను. లోపల మాత్రమే ఒప్పుకున్నాను, బయటికి అనలేదు.

అప్పుడే సమ్మన్న వచ్చాడు.

సమ్మన్న విసాపూర్ నుంచి చంద్రపూర్‌కు ఆటో నడుపుతాడు. ఇనుప టాపు ఉన్న ఆటో. వెనక అద్దం పగిలితే కొత్తది నేనే వేశాను. భార్య రజిని ఆకుకూరల గంపతో రోజూ అదే ఆటోలో గోల్ బజార్‌కు వచ్చేది. ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుని, మోకాళ్ల మీద లేచి వెనక అద్దంలోంచి రోడ్డు చూసేది. ఎవరైనా ఆటో కోసం చెయ్యెత్తితే, "ఆపు, ఇంకో మనిషి వస్తుండు," అని అరిచేది. ఆమె కామెర్లు ముదిరి చనిపోయింది.

"బిడ్డా, మా ఆమె ఫోటువ వెనక అద్దానికి ఎయ్యాలె," అన్నాడు సమ్మన్న రేష్మతో. "గాడ్నే కూసునేది."

అతని ఫోన్లో ఉన్నది ఒకే ఒక్క ఫోటో. ఎవరిదో పెళ్లిలో తీసింది. రజిని ఎవరినో చూసి పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. ఇంకొకటి ఆధార్ కార్డు మీద ఉంది గానీ, అది ఆమె కాదు అనేవాడు సమ్మన్న. నిజమే, ఆ కార్డు మీద ఎవరు మాత్రం వాళ్లలా ఉంటారు?

రేష్మ అప్పటిదాకా అక్షరాలు కోసిందే తప్ప మొహం వేయలేదు. అయినా ఒప్పుకుంది. ఫోటోను తన కంప్యూటర్లోకి ఎక్కించుకుని, చుట్టుపక్కల మనుషులను తీసేసి, ప్రింటు తీసే స్టిక్కరు షీటు మీద తన చిన్న ప్రింటర్లోనే తీసింది. పైన పల్చని ప్లాస్టిక్ పొర కూడా అంటించింది. ఒక్క పొక్కు లేదు. సమ్మన్న ఆటో ఎక్కి పది గజాలు పోయి, ఆపి, దిగి వెనక్కి వచ్చి మళ్లీ చూశాడు. అలా మూడుసార్లు చేశాడు. ఆ రోజు రేష్మ మొహంలో ఉన్న వెలుగు నేను మళ్లీ చూడలేదు.

ఆమె చేసిన తప్పు మరుసటి వేసవి వచ్చాకే తెలిసింది. కాగితాల ప్రింటర్లో పోసే రంగు ఎండకు ఆగదు. బండ్ల మీదికి వేరే రంగు, వేరే మిషను కావాలి. వీడియోలో ఆ మాట చెప్పారో లేదో, చెప్పినా ఆమె వినలేదో. ఏప్రిల్‌లో రజిని పెదాల ఎరుపు పోయింది. మే వచ్చేసరికి మొహం నీలం తిరిగింది. అంచులు ముడుచుకుని, వాటి కింద దుమ్ము చేరింది.

"కాకా, రెండు రోజులు ఆగుండ్రి. నాగపూర్‌ల మంచి మిషను మీద తీపిచ్చుకొస్త," అంది రేష్మ సమ్మన్నతో. ఫోటో కంప్యూటర్లో ఉందనే ధైర్యంతో అంది. కానీ చలికాలంలో వైరస్ వచ్చి కంప్యూటరు మొరాయిస్తే, బాగుచేసినతను అంతా తుడిచి మళ్లీ ఎక్కించాడు. కొత్త ఆర్డర్లు ఉంచుకుంది గానీ పాతవి దాచుకోవాలని ఆమెకు తట్టలేదు. సమ్మన్న ఫోను అంతకుముందే మోరీ కాలవలో పడి పాడైపోయింది. ఇప్పుడు అతని దగ్గర మీటల ఫోను ఉంది. పెళ్లిలో ఫోటో తీసినవాళ్లను వెతుక్కుంటూ బల్లార్‌పూర్ దాకా పోయి వచ్చాడు. వాళ్లూ ఫోను మార్చేశారు.

"నేనేం ఫికర్ చెయ్యలె బిడ్డా. ఆటో మీద ఉన్నది గదా అనుకున్న," అన్నాడు.

రేష్మ మిగిలిన మొహాన్ని తన ఫోన్లో ఫోటో తీసింది. నీలం మచ్చ మీద అద్దం మెరుపు తప్ప ఏమీ రాలేదు. రంగులు సరిచేయాలని వారం రోజులు కూర్చుంది. చేసిన ప్రతిసారీ ఎవరో కొత్త మనిషి మొహం తయారయ్యేది. సమ్మన్న చూసి తల అడ్డంగా ఊపేవాడు.

ఆ నెలంతా అతను పదకొండు గంటలకల్లా బేరాలు మాని, ఆటో వీపు నా గోడ వైపు తిప్పి నీడలో పెట్టేవాడు. నాలుగు దాకా అక్కడే. "సమ్మన్నా, బాడుగలు పోతున్నయి గదనయ్యా," అంటే, "ఎండ తింటున్నది సేట్," అనేవాడు. రేష్మ తన బల్ల దగ్గర నుంచి అది చూస్తూ కూర్చునేది. చేతిలో పని ఉంటే సూది ఆగిపోయేది. మనిషి సగమైంది. ఇమ్మానుయేల్ ఒకసారి కర్ర పట్టుకుని దుకాణం దాకా వచ్చి, "రాత్రి ప్రార్థనల గూడ రజిని పేరే తీస్తున్నది సేట్," అని నాతో చెప్పాడు.

జూన్ మొదట్లో రేష్మ ఒక ఉపాయం చెప్పింది. వానలు పడితే మిగిలింది కూడా పోతుంది కాబట్టి, స్టిక్కరును వేడి చేసి మెల్లగా పూర్తిగా ఊడదీసి, వేరే అద్దానికి అంటించి ఫ్రేము కడితే ఇంట్లో నీడన ఉంటుంది. సమ్మన్న ఒప్పుకున్నాడు. నేను ఇంకా ఉత్సాహంగా ఒప్పుకున్నాను. మంచి అద్దం ముక్క కోసి, అంచులు రుద్ది, టేకు ఫ్రేము స్వయంగా తయారుచేశాను. డబ్బులు వద్దన్నాను కూడా, నా గొప్ప కాకపోతే.

పొద్దున ఆరింటికి ముగ్గురం ఆటో వెనక చేరాం. జుట్టు ఆరబెట్టే మిషను నా చేతిలో ఉంది. నేను వేడిగాలి పడుతుంటే ఆమె గోటితో ఒక మూల లేపింది. జబ్బ దాకా బాగానే వచ్చింది. సమ్మన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మెడ దగ్గర స్టిక్కరు అప్పడంలా పుటుక్కుమంది. ఎండకు పెళుసెక్కి ఉంది. రేష్మ ఆగి, ఇంకో మూల నుంచి మొదలుపెట్టింది. అది చెవి దగ్గర విరిగింది. మూడోసారి మెడ కింద గోరు దూర్చింది. గడ్డం మీదుగా నవ్వు దాకా చీలి, పెంకులు పెంకులుగా ఆమె అరచేతిలోకి రాలింది.

"నాతోని కాదు కాకా," అంది. అని ఆటోకు తల ఆనించి ఏడ్చింది.

"సాలు బిడ్డా. ఇడ్సిపెట్టు," అన్నాడు సమ్మన్న. ఆమె చేతిలోని ముక్కలను టోపీలో పోసుకున్నాడు. నా చేతిలో వేడిగాలి ఇంకా వీస్తూనే ఉంది, ఆపాలని కూడా తోచలేదు.

వారం తరువాత అతను మళ్లీ వచ్చాడు. వెనక అద్దం నిండా జిగురు మరకలు, ఇంకా అంటుకుని ఉన్న నుదురు ముక్క. గీకడానికి అతనికి మనసు ఒప్పలేదు. గీకమని రేష్మను అడగడానికీ మనసు రాలేదు.

"సేట్, గీ అద్దం దీసి కొత్తది ఏసియ్యి. దీన్ని ఇంటికి కొంటవోత."

"దానికేం భాగ్యం," అన్నాను. ఆటో లోపలికి దూరి, అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు కొనను స్క్రూడ్రైవరుతో లేపి లాగాను. పట్టీ సరసరా వచ్చేసింది. అరచేతులతో రెండు మూలలు నెట్టాను. అద్దం మొత్తం, గీత కూడా పడకుండా, అవతల నిలబడ్డ సమ్మన్న చేతుల్లోకి దిగింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అతను ఆ అద్దాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. దాన్ని చూశాడు, ఖాళీ చట్రం చూశాడు, దాని వెనక ఉన్న నన్ను చూశాడు.

"గింత అల్కగ వస్తదా సేట్?" అన్నాడు.

కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. ముప్పై ఆరేళ్లుగా అద్దాలు తీసి వేస్తున్నవాణ్ణి. ఆ అద్దం వేసింది నేనే. వేరే అద్దం కోశాను, ఫ్రేము కట్టాను, వేడిగాలి పట్టాను. రజిని మొహంతో పాటు అద్దాన్నే తీసేసి అదే ఫ్రేములో పెట్టొచ్చన్న మాట నాకు తట్టనే లేదు. రేడియం పిల్ల పని అనుకుని చూస్తూ నిలబడ్డాను.

తన దుకాణం గుమ్మంలో కూర్చుని అక్షరాల చుట్టూ వ్యర్థం పీకుతున్న రేష్మ తలెత్తింది. చేతిలో సూది ఆగింది. ఆమెకు అర్థమైందని నాకు తెలిసింది. ఇప్పుడు నన్ను అంటుంది అనుకున్నాను. అంటే బాగుండు అనుకున్నాను.

"తప్పు నాదే కాకా," అంది సమ్మన్నతో. "నా రంగుదే. సేట్ ఏం జేస్తడు?"

అందరి లొసుగులూ చెప్పే నేను, ఆ ఒక్క రోజు నోరు తెరవలేదు. కిందికి వంగి కొత్త అద్దానికి కొలత తీసుకున్నాను.