ఆర్వెట్టా మెడలో బిళ్ళ

పేదలకు సర్కారు ఇచ్చే మెడికెయిడ్ బీమా ఖర్చు మీద, కాన్పుకు తోడుండే డౌలాను పక్కన పెట్టుకుని మా కౌంటీ ఆడపిల్ల కన్న మొట్టమొదటి బిడ్డ కియాండ్రా కూతురు. ఆ బిడ్డ భూమ్మీద పడేటప్పుడు తల్లి నడుం నొక్కుతూ నిలబడిన డౌలా మా ఆర్వెట్టా గెయిన్స్. ఈ మాట ముందు చెప్పకుండా ఆమె గురించి ఇంకేం చెప్పబుద్ధి కాదు.

అలాగని తక్కినవి తక్కువేం కాదు. ఇరవై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి ఒక్క పిల్లాడి మోకాలు కూడా చెక్కుకుపోనివ్వలేదు. వరదకు వంతెన కొట్టుకుపోయిన ఏడాది పిల్లలను పడవలో దాటించి పరీక్షలకు చేర్చింది. ఈస్టరు నాడు ఆమె పాడకపోతే మా చర్చిలో సగం మందికి పండగ వచ్చినట్టే ఉండదు.

ఊళ్ళో ఆసుపత్రివాళ్ళు కాన్పుల వార్డు మూసేశాక, నొప్పులొచ్చిన పిల్ల గంటసేపు కారులో పోవలసి వచ్చింది. ఆ పిల్లలంతా ఒకప్పుడు ఆర్వెట్టా బస్సెక్కినవాళ్ళే. వాళ్ళకు తోడు వెళ్ళడం అలా మొదలైంది. ఆమె మంత్రసాని కాదు, మందూ మాకూ ఇవ్వదు. నెల తప్పినప్పటి నుంచి ఇంటికొచ్చి కూర్చుంటుంది, నొప్పుల్లో చెయ్యి వదలదు, బాలింతకు సూపు కాచి పోస్తుంది. ఎవరైనా ఓ హ్యామ్ ముక్కో, గంపెడు పీచ్ పళ్ళో ఇస్తే సంతోషం.

తరవాత మెడికెయిడ్ ఆ పనికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్వెట్టా యాభై దాటిన వయసులో శిక్షణకు వెళ్ళి, నెగ్గి, ఫొటో ఉన్న బిళ్ళ మెడలో వేసుకుని వచ్చింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ మర్నాటి నుంచే తలుపులు మూసుకున్నాయి.

వర్జీనియాలో మా వైపు, మెడలో బిళ్ళతో సర్కారు మనిషెవరైనా వరండా ఎక్కితే అది ఫ్రిజ్‌లో పాలున్నాయో లేదో చూసి, సరిగా సాకడం లేదని పిల్లలను పట్టుకుపోవడానికే. కియాండ్రా అమ్మమ్మను ఊరంతా లవీ అమ్మ అంటారు; ఆవిడ చెల్లెలి పిల్లలను అలాగే పట్టుకుపోయారు. మళ్ళీ ఇల్లు చేరడానికి వాళ్ళకు రెండేళ్ళు పట్టింది. అందుకే మనవరాలు కియాండ్రా కోసం ఆర్వెట్టా వచ్చిన రోజు ఆవిడ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఏమే ఆర్వెట్టా, హ్యామ్ ముక్కకు వచ్చినన్నాళ్ళూ మా మనిషివి. ఇప్పుడు సర్కారు కూడు తింటున్నావు. నా వంటింట్లో ఏం చూసి ఎవరికి మోస్తావు?"

"మోయడానికేముంది లవీ అమ్మా? మీ బిస్కెట్లు రాళ్ళలా ఉంటాయని ఊరంతా తెలిసిందేగా."

"నోరు ముయ్యి," అంది ఆవిడ, తలుపు మాత్రం తీయలేదు.

లోపలి నుంచి కియాండ్రా గొంతు వినిపించింది. "అమ్మమ్మా, ఈసారి ఒక్కదాన్నే వెళ్ళను."

ఆ 'ఈసారి' అన్న మాట ఇద్దరికీ గుచ్చుకుంది. మొదటి కాన్పులో కియాండ్రా ఆసుపత్రిలో ఒంటరిగా పడుకుని, ఏదో తేడాగా ఉందని చెప్పీ చెప్పీ అలిసిపోయింది. విన్నవాళ్ళు లేరు. ఆ బిడ్డ దక్కలేదు.

ఆర్వెట్టా మెడలోంచి బిళ్ళ తీసింది. వరండాలో లవీ అమ్మ గడ్డి టోపీ తగిలించుకునే మేకుకు దాన్ని వేలాడదీసింది. "ఇది ఇక్కడే ఉంటుంది. నేనొక్కదాన్నే లోపలికొస్తాను."

లవీ అమ్మ పక్కకు జరిగింది. అప్పటి నుంచి ప్రతి వారం అదే వరస. బిళ్ళ మేకు మీద, ఆర్వెట్టా లోపల.

నొప్పులు ఓ శనివారం పొద్దున, ఆకుకూర కడుగుతుండగా వచ్చాయి. ముగ్గురూ ఆర్వెట్టా కారులో పడ్డారు. వార్డు తలుపు దగ్గర నర్సు ఆపింది. తోడు ఒక్కరే. బిళ్ళ ఉన్న డౌలాను ఆ లెక్కలో వేయరు.

ఆర్వెట్టా చెయ్యి మెడ మీదికి పోయింది. మెడ బోసిగా ఉంది. ఇరవై ఏళ్ళలో ఒక్క పిల్లను కూడా దారిలో మరిచిపోని మనిషి బిళ్ళను మేకు మీదే మరిచిపోయి వచ్చింది.

"మీరెవరో నాకు తెలుసమ్మా," అంది నర్సు, "కానీ బిళ్ళ లేకపోతే మీరూ చుట్టమే. ఇద్దరిలో ఒకరే రండి."

కియాండ్రా ఇద్దరి చేతులూ పట్టుకుని వదలడం లేదు.

"మీ మనవరాలు, లవీ అమ్మా. మీరే వెళ్ళండి," అంది ఆర్వెట్టా.

"నేనెళ్ళి ఏం చేస్తాను, ఏడవడం తప్ప? నువ్వు పో. కారు తాళాలు ఇలా తే."

"మీరు స్టీరింగు పట్టి పదేళ్ళయింది."

"బస్సు నడిపినవాళ్ళకేనా రోడ్డు వేసింది? తే."

ఆవిడ గంట దూరం వెళ్ళి, గంట దూరం వచ్చింది. మధ్యాహ్నం వార్డు ముందు నిలబడేసరికి బిళ్ళ ఆవిడ మెడలోనే వేలాడుతోంది.

"ఈ ఫొటోలో ఉన్నది మీరు కాదు కదా," అంది నర్సు నవ్వాపుకుంటూ.

"నేనెందుకవుతాను? నేనింకా అందంగా ఉంటాను. ఇది లోపలున్నదానికిచ్చి, నా చోటు నాకివ్వు తల్లీ."

నర్సు బిళ్ళ అందుకుని తలుపు తీసింది. కియాండ్రా ఇటు ఆర్వెట్టానూ అటు అమ్మమ్మనూ పట్టుకుని కన్నది. బిడ్డ ఏడుపు కారిడారు చివరిదాకా వినిపించిందట. నడుం మీద కాస్త బరువుగా ఉందని తల్లి గొణిగితే ఈసారి నర్సుతో సహా ముగ్గురు వంగి విన్నారు.

ఆ పై ఆదివారం చర్చిలో లవీ అమ్మ లేచి నిలబడింది. "బిళ్ళ చూసి తలుపేసుకున్నదాన్ని నేనే. దాన్ని మెడలో వేసుకుని అరవై మైళ్ళు నడిపిందాన్నీ నేనే. పిల్లలు పట్టుకుపోయే బిళ్ళ కాదది. మీరూ తలుపులు తియ్యండి," అని కూర్చుంది. తీశారు.

ఇప్పుడు మా కౌంటీలో కడుపుతో ఉన్న పిల్ల ఆర్వెట్టాను అడగకుండా బిడ్డకు పేరు కూడా పెట్టదు. పక్క కౌంటీల ఆడవాళ్ళకు ఈ పని నేర్పమని రాష్ట్ర రాజధాని రిచ్మండ్ వాళ్ళు పిలిస్తే, మా బస్సు డ్రైవరు అక్కడికి పంతులమ్మగా వెళ్ళింది. లవీ అమ్మ చిన్న మనవరాలికి ఈ జూన్ చివర్లో కాన్పు. ఆవిడ గడ్డి టోపీ వంటింట్లోకి మార్చి, వరండా మేకు బిళ్ళ కోసం ఖాళీగా ఉంచింది. ఇక అవసరం లేదని ఎంత చెప్పినా వినదు, అలవాటు తప్పకూడదంటుంది. ఆ కాన్పు కోసం ఆర్వెట్టా జూన్ పద్నాలుగు, ఆదివారం నాడు రిచ్మండ్ నుంచి తిరిగి వస్తుంది.