ఒకే అద్దాల పెట్టెలో రెండు పచ్చ కప్పలు

కరోనా రెండో ఏడు వేసవిలో, మగ్గాల పనికి వలసొచ్చి మేముంటున్న లింబాయత్‌లోని ఒంటి గదిలోకి రెండు పచ్చ చెట్టుకప్పలు వచ్చాయి. ఆల్థాన్‌లో నేను వంట చేసే ఇంటివాళ్లు ఊరు విడిచి వెళ్తూ నాకు అప్పజెప్పారు. కప్పంటే బురదలో బెకబెకమనేదే అనుకున్నదాన్ని, అద్దానికి అతుక్కుని నన్నే చూస్తున్న ఆ పచ్చటి మొహానికి మనసు పారేసుకున్నాను. "సాంచాలు బందుపడి మనకే తినుడు కష్టమైతుంటే ఇవెందుకే?" అన్నాడు సాంచా మీద, అంటే మరమగ్గం మీద, గుడ్డ నేసే మా ఆయన. నేను వింటేగా!

పెద్దదాన్ని అద్దాల పెట్టెలో, బొటనవేలంత చిన్నదాన్ని చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాను. రెండూ ఒక్క సైజుకు వచ్చేదాకా కలపొద్దని ఆ ఇంటి ఇల్లాలు మరీ మరీ చెప్పింది. నల్లా నీళ్లను ఒక రోజు బకెట్లో నిలవబెట్టి, మందు వాసన పోయాకే పోసేదాన్ని. శానిటైజర్ రాసుకున్న చేత్తో ఎవరైనా మూత ముట్టబోతే అగ్గిమీద గుగ్గిలమయ్యేదాన్ని.

మా అత్తమ్మ ఇంట్లోనే రాట్నం మీద కండెలు చుట్టేది. కప్పలు రాక ముందే ఆమెకు కరోనా వచ్చి తగ్గింది. అప్పుడు సాంచా గుడ్డను గది మధ్యన పరదాగా కట్టి, కంచం కింది నుంచి తోసేవాళ్లం.

ఒక మధ్యాహ్నం కూరగాయలు తెచ్చేసరికి డబ్బా ఖాళీగా ఉంది. అద్దాల పెట్టెలో పెద్దదాని నోట్లోంచి రెండు చిన్న కాళ్లు కొట్టుకుంటున్నాయి!

"అత్తమ్మా! ఏం జేసినవ్?"

"పాపం ఒక్కతే ఉన్నదని కలిపిన. పరదా ఎన్క ఒక్కదాన్ని పడుంటే ఎట్లుంటదో నీకేమెరుక?"

చేతులు తడుపుకుని పెద్దదాన్ని పట్టుకున్నాను. నోరు తెరవదే! అత్తమ్మ తన వేళ్లూ తడుపుకుని, తెగిన పోగు కొస కోసం వెతికినంత మెల్లగా దాని పెదవుల మధ్యకు గోరు పోనిచ్చింది. చిన్నది నా అరచేతిలో పడింది. బతికే ఉంది! నేను గట్టిగా కేకేశాను, అత్తమ్మ ఏడ్చేసింది.

"ఒక్క పడుగుల మోటు పోగు, సన్న పోగు కలిపేస్తే సన్నదే తెగుతది. గది ఎరికుండి గూడ గిట్ల జేస్తినే," అంది.

ఆ రోజు నుంచి డబ్బా ఆమె రాట్నం పక్కకు చేరింది. కండెలు చుడుతూ దానితో ఊళ్లో ముచ్చట్లన్నీ చెప్పేది. రోజూ ఖాళీ కండెను డబ్బాకు ఆనించి కప్పను కొలిచేది. "ఇయ్యాల జర పెరిగిందే!" అనేది. నా కళ్లకు తేడా ఏమీ కనిపించకపోయినా నేనూ ఎగిరి గంతేసేదాన్ని.

మరుసటి వానలకు రెండూ సరిసమానమయ్యాయి. ఊపిరి బిగబట్టి కలిపాం. పెద్దది తిరిగి చూసింది. చిన్నది నింపాదిగా దాని వీపెక్కి కూర్చుంది. అంతే, రెండూ కళ్లు మూసుకున్నాయి! చప్పట్లు కొడుతూ చూస్తే, అత్తమ్మ ఖాళీ డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఉంది.

"దానికి తోడు దొరికింది. నాదే పోయిందే," అంది.

నేను చీర కుచ్చిళ్లు దోపుకుని ఆమె పక్కన కూర్చున్నాను. "నాకు కండె చుట్టుడు నేర్పు అత్తమ్మా," అన్నాను.

నేర్పింది. నేను పోగు తెంపినప్పుడల్లా వాడంతా వినబడేలా తిట్టింది. ఆ తిట్లు తింటుంటే నాకెంత సంతోషమో!